రాజమల్లు ఎడమ చెవి

హైవాల్ మిషన్ మీద పనికి చేరబోయేవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. పని ఎన్నాళ్లలో చేతికొస్తుంది, స్క్రీన్ మీద ముందు ఏది చూడాలి, కట్టర్ లోపల ఇరుక్కుంటే ఏం చేయాలి అని అడుగుతారు. ఫోన్లో చెప్పగలిగినంత చెప్తాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. ముగ్గురు మనుషుల గురించి రాయాలి. రాజమల్లు, ఓదెలు, ఓదెలు భార్య స్వరూప.

నా పేరు సత్తయ్య. గోదావరి పక్క, భూమి కింది బొగ్గు బాయిల్లో ఇరవై ఏళ్లకు పైగా ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టు పని చూసుకునేవాడిగా చేశాను. తర్వాత ఒక కాంట్రాక్టు కంపెనీలో, ఆపరేటర్లకు పని నేర్పి, పరీక్ష పెట్టి, 'ఇతనికి పని వచ్చు' అని సంతకం చేసే ఉద్యోగంలో కుదిరాను. ఆ సంతకం గురించే ఇదంతా.

మిషన్ సంగతి

తెలియనివాళ్ల కోసం ముందు పని ఏమిటో చెప్తాను. ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టీ బండా తీసుకుంటూ పోయి, ఇక తీయడం గిట్టుబాటు కాని చోట ఆగిపోతారు. ఎదురుగా పది పన్నెండు అంతస్తుల ఎత్తున నిలువు గోడ మిగులుతుంది. దాన్నే హైవాల్ అంటారు. దాని అడుగున బొగ్గు పొర ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. మిషన్‌ను గోడ అడుగున నిలబెట్టి కట్టర్‌ను బొగ్గులోకి పంపుతాం. వెనక ఒక్కొక్క బీము తగిలిస్తూ తోస్తుంటే కట్టర్ లోపలికి పోతుంది, బొగ్గు బయటికి వస్తుంది. ఒక బొరియ అయ్యాక మిషన్‌ను పక్కకు జరిపి, మధ్యలో గోడను మోయడానికి కొంత బొగ్గు వదిలేసి, ఇంకో బొరియ మొదలుపెడతాం.

మనిషి లోపలికి పోడు కాబట్టి భయం లేని పని అని మిషన్ అమ్మేవాళ్లు చెప్తారు. లోపల ఎవరికీ ఏమీ కాదు, నిజమే. గోడ కింద నిలబడ్డవాళ్ల సంగతి వాళ్లు చెప్పరు. ఆపరేటర్ క్యాబిన్ పైన మందపాటి ఉక్కు కప్పు ఉంటుంది. బయట ఉండే స్పాటర్‌కు నెత్తిన హెల్మెట్ తప్ప ఏమీ ఉండదు. స్పాటర్ పని గోడను చూస్తూ నిలబడటం. పైనుంచి చిన్న రాయి రాలినా, మట్టి జారినా, వాకీటాకీలో 'ఆపు' అనాలి. ఆపరేటర్ ఆ మాట చెవినపడగానే అన్నీ ఆపేయాలి. గోడకు దగ్గరగా నేల మీద సున్నంతో ఒక గీత గీస్తాం. మిషన్ నడుస్తున్నంతసేపూ ఆ గీతను ఎవరూ, ఏ కారణం చేతా, దాటకూడదు.

స్క్రీన్లు చదవడం నెల రోజుల్లో వస్తుంది. మిషన్ సూటిగా పోతోందా, వదిలిన బొగ్గు సన్నబడుతోందా అన్నది ఆరు నెలల్లో తెలుస్తుంది. అవతలివాడు ఆపమంటే ఎందుకని అడక్కుండా ఆపడం కొందరికి ఎప్పటికీ రాదు. అది రానివాడికి మిగతావన్నీ వచ్చినా లాభం లేదు.

మూడో అంతస్తు

మా కంపెనీ ఆఫీసు పంజగుట్టలో ఉండేది. మిషన్ ఇంకా ఓడలో ఉండగానే పన్నెండు మందికి పాఠాలు చెప్పమన్నారు. ఆఫీసులో చోటు లేక అమీర్‌పేటలో ఒక బిల్డింగు మూడో అంతస్తులో గది అద్దెకు తీసుకున్నారు. మాకు ఒక పక్క జావా క్లాసు, ఇంకో పక్క ఒరాకిల్ క్లాసు, కింద స్పోకెన్ ఇంగ్లిష్. మా తలుపు మీద 'హైవాల్ ట్రైనింగ్' అని కాగితం అంటిస్తే, మర్నాడే నలుగురు పిల్లలు వచ్చి డెమో క్లాసు ఎప్పుడని అడిగారు. "ఫైర్‌వాల్ లాంటిదేనా సార్?" అన్నాడు ఒకడు. బొగ్గు తవ్వే పని అంటే నవ్వుకుంటూ పోయారు. నా పన్నెండు మందీ ఆ మెట్ల మీద పిల్లలకు దారి ఇస్తూ, గోడకు ఆనుకుని ఎక్కేవాళ్లు. నాకు అది బాధగా ఉండేది.

రాజమల్లు వాళ్లలో పెద్దవాడు, నలభై ఆరేళ్లు. బాయిలో బొగ్గు ఎత్తే మిషన్ నడిపినవాడు. నేను ఓవర్‌మన్‌గా ఉన్నప్పుడు నా కిందే చేశాడు. ఒకసారి షిఫ్టు మధ్యలో మిషన్ ఆపి దిగి, పైకప్పు దిక్కు చూస్తూ, "సార్, రూఫ్ మాట్లాడుతున్నది, నడువుర్రి" అన్నాడు. నాకేమీ వినపడలేదు. అయినా అందరం బయటికి వచ్చేశాం. గంట కాకముందే మేం నిలబడ్డ చోట పైకప్పు మొత్తం దిగింది. అప్పటికి అతనికి రెండు చెవులూ బాగానే ఉన్నాయి.

ఓదెలు అతనికంటే పదేళ్లు చిన్న. పక్క ఊరివాడు. ఎప్పుడూ నవ్వు ముఖం. క్లాసులో ఎప్పుడూ రాజమల్లుకు ఎడమ పక్కనే కూర్చునేవాడు. నేను ఆ పక్కనుంచి ఏదైనా అడిగితే రాజమల్లు పలికేవాడు కాదు. ఓదెలు మోచేత్తో పొడిస్తే తిరిగి నా పెదవుల దిక్కు చూసేవాడు. రెండో వారానికి నాకు అర్థమైంది. ఒకరోజు టీ తాగుదామని అతన్ని ఒక్కడినే కిందికి తీసుకుపోయాను.

"రాజమల్లూ, ఎడమ చెవి వినపడదు కదా?" అన్నాను.

కప్పు కింద పెట్టాడు. "ఎవలన్న జెప్పిన్రా సార్?"

"ఎవరూ చెప్పలే. నేనే చూసిన."

"బాయిల మోతకు పోయింది సార్. నాలుగేండ్లాయె. కుడిది మస్తుగ ఇనవడ్తది." కప్పు పక్కకు జరిపాడు. "నాకు ఇంకో పని రాదు. నా చేతి పని మీకెర్కనే. జర చూసీ చూడనట్టు పోనియ్యిర్రి సార్."

మెడికల్ కాగితం ఎలా వచ్చిందని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడు, అందుకే అడగలేదు.

పరీక్ష ఫారంలో ఒక గడి ఉంది: వాకీటాకీలో వచ్చే మాట స్పష్టంగా విని, వెంటనే జవాబివ్వగలడా? దానికోసం ఓదెలును రోడ్డు అవతల బస్టాపులో నిలబెట్టాను. రాజమల్లును బిల్డింగు డాబా మీదికి తీసుకుపోయి, సెట్టు అతని కుడిచేతిలో పెట్టాను. నేనే పెట్టాను. ఆ బస్సుల మోతలో, జెనరేటర్ల మోతలో ఓదెలు కిందినుంచి, "అన్నా, ఆపు" అన్నాడు. "ఆపిన" అన్నాడు రాజమల్లు. పదిసార్లు అన్నారు, పదిసార్లు సరిగ్గా వచ్చింది. డాబా మీద చదువుకుంటున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు పుస్తకాలు దించి మమ్మల్నే చూశారు. రాజమల్లు చిన్నపిల్లవాడిలా నవ్వాడు. గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను.

క్యాబిన్‌లో రేడియో స్పీకరు ఆపరేటర్‌కు ఎడమ పక్కన ఉంటుంది. ఆ బొమ్మ బోర్డు మీద గీసి, రెండు వారాలు పాఠం చెప్పింది నేనే.

మా ప్రాజెక్టు మేనేజర్ మూర్తిగారిది కోస్తా. మర్యాదస్తుడు. "సత్తయ్యగారూ, ఎవరి మీదైనా అనుమానం ఉంటే ఇప్పుడే చెప్పేయండి. ఇంకొకళ్లను చూసుకుందాం" అన్నాడు. నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను. ఇలాంటివి రాసేటప్పుడు పైవాళ్ల మీదికి తోసేయడం తేలిక. నాకు ఆ వీలు లేదు. "అందరూ బాగున్నారండీ" అన్నాను.

పది గంటలకు వచ్చిన ఫోన్

మిషన్ వచ్చింది. రాజమల్లు అందరికంటే బాగా నడిపాడు. కట్టర్ బొగ్గు వదిలి రాయికి తగిలితే, స్క్రీన్ చెప్పకముందే కూర్చున్న సీటు అదురును బట్టి పట్టేసేవాడు. స్పాటర్‌గా ఓదెలునే అడిగి వేయించుకున్నాడు. నేను నెలకోసారి సైటుకు పోయి చూసేవాణ్ని. ఓదెలు ఎప్పుడూ క్యాబిన్ అద్దం లోంచి కనపడేచోటే నిలబడేవాడు. నోటితో చెప్తూనే చేత్తో సైగ చేసేవాడు. రాజమల్లు ఆ చేతిని చూసి ఆపేవాడు. మిగతా స్పాటర్లెవరూ అలా చేయరు, చేయనక్కర్లేదు. నేను ఎందుకని అడగలేదు. జోడీ బాగా కుదిరిందనుకుని హైదరాబాద్ బస్సెక్కేవాణ్ని.

ఆరోజు అమీర్‌పేటలో రెండో బ్యాచ్‌కు పాఠం చెప్తున్నాను. పది గంటలకు సైటు నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం దాటాక అక్కడికి చేరాను. తర్వాత అందరూ చెప్పిన మాటలను బట్టి జరిగింది ఇది.

రెండు రోజుల వాన వెలిసిన పొద్దు. ఒక బొరియ పూర్తయి, మిషన్‌ను పక్కకు జరుపుతున్నారు. జరిపేటప్పుడు స్పాటర్ వెనకవైపు, కరెంటు కేబులు చూసుకుంటూ నిలబడాలి. అక్కడినుంచి క్యాబిన్ అద్దానికి కనపడడు. గోడ పైభాగంలో మట్టి రాలడం ఓదెలు చూశాడు. వాకీటాకీలో "అన్నా ఆపు" అన్నాడు. మిషన్ ఆగలేదు. మళ్లీ అన్నాడు. మూడోసారి అరిచిన అరుపు దూరంగా లోడర్ మీదున్నతనికి కూడా వినపడిందట. మిషన్ ఇంకా గోడ వారనే, ఆ రాలే చోటికిందికే పోతోంది. ఓదెలు సున్నం గీత దాటి, చేతులు రెండూ ఊపుతూ, క్యాబిన్ ముందుకు ఉరికాడు. రాజమల్లు అతన్ని చూశాడు. మిషన్ ఆపాడు. ఆగిన మరుక్షణం గోడ పెచ్చు విరిగిపడింది.

క్యాబిన్ కప్పు సొట్టపోయింది. రాజమల్లుకు గీత కూడా పడలేదు. ఓదెలును బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

నేను వెళ్లేసరికి రాజమల్లు టీ షెడ్డు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎడమ పక్కనుంచి పోయి పేరు పెట్టి పిలిచాను. తల ఎత్తలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా పోయి కూర్చున్నాను.

"నాకు కనవడ్డడు సార్," అన్నాడు. "నవ్వుతున్నడనుకున్న."

విచారణ

విచారణకు వచ్చిన అధికారులు గెస్ట్‌హౌస్‌లో ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. నన్నూ మూర్తిగారినీ ఒక పక్కన కూర్చోబెట్టారు. నా సంతకం ఉన్న ఫారం బల్ల మీద ఉంది.

"స్పాటర్ పిలుపు మీకు వినపడిందా?" అని రాజమల్లును అడిగారు.

"ఇనవడ్డది సార్."

"మరి ఎందుకు ఆపలేదు?"

"ఇంకో రెండడుగులు జరిపి ఆపుదామనుకున్న. తప్పు నాదే."

అధికారి ఫారం తిప్పి చూసి, నా దిక్కు తిరిగాడు. "మీ పరీక్షలో ఇతని వినికిడి సరిగ్గానే ఉందా?"

"ఉందండీ," అన్నాను.

ఆ ఒక్క మాటకు ఎంతసేపు పడుతుంది? ఇప్పటికీ అది పూర్తికాలేదు నాకు.

రాజమల్లు ఉద్యోగం పోయింది. విని కూడా ఆపనివాడు అన్న పేరు మిగిలింది. కేసు కొన్నేళ్లు నడిచింది. ఊళ్లో ఎవరూ పలకరించడం లేదని, భార్యను ఇంటి దగ్గరే ఉంచి ఒక్కడే హైదరాబాద్ వచ్చేశాడు. నా ఉద్యోగం నాకు ఉంది. తర్వాతి బ్యాచ్‌ల దగ్గర నేను చాలా కఠినమైన మాస్టర్నని పేరొచ్చింది. వినికిడి పరీక్ష రెండు చెవులకూ విడివిడిగా పెట్టేవాణ్ని. ఒకరిద్దరిని ఫెయిల్ చేశాను. వాళ్లు నన్ను తిట్టుకుంటూ పోయారు. బతికి ఉన్నారు. ఆ తిట్లు పడటం ఈ ఉద్యోగంలో భాగమని మొదటి బ్యాచ్ అప్పుడే తెలిసి ఉండాల్సింది.

రెండు బస్టాపుల మధ్య

కంపెనీ స్వరూపకు పంజగుట్ట ఆఫీసులో అటెండర్ పని ఇచ్చింది. ఇద్దరు పిల్లలతో బోరబండలో గది తీసుకుని ఉండేది. పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి నా బల్ల మీద ఛాయ్ పెట్టేది. నాకు చక్కెర తగ్గించాలని డాక్టరు చెప్పిన సంగతి మా ఇంట్లోవాళ్లు మరిచిపోయినా ఆమె మరిచిపోలేదు. "మా ఆయనకు పని నేర్పిన సారు" అని కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను చూపించేది.

రాజమల్లు అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు. నాకు అనుకోకుండా ఒకరోజు కనపడ్డాడు. అప్పటినుంచి క్లాసు అయ్యాక వారానికోసారైనా పోయి మెట్ల మీద కూర్చునేవాణ్ని. కుడి పక్కన కూర్చునేవాణ్ని. వానల గురించి, బాయిల్లో పాతవాళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. బ్యాగులు మోసుకుంటూ ఉద్యోగాల కోసం వచ్చే అమ్మాయిలు అతన్ని అంకుల్ అని పిలిచేవాళ్లు. స్వరూప పంజగుట్టలో పనిచేస్తోందని మొదట్లోనే అతనికి చెప్పాను.

"నేనీడ ఉన్నట్టు చెప్పకుర్రి సార్. గా దిక్కే పోను" అన్నాడు.

ఆమె పనిచేసే చోటి నుంచి అతను ఉన్న చోటికి నడిచిపోవచ్చు. ఏడేళ్లు ఆ దారిలో నేనొక్కణ్నే తిరిగాను. మధ్యలో మెట్రో పిల్లర్లు లేచాయి, రోడ్డు తవ్వారు, పూడ్చారు.

నేను మనసులో ఒకటి అనుకుని ఉన్నాను. రాజమల్లు నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పాడు, చెవి సంగతి బయటపడితే నా సంతకం దొంగదని తేలుతుందని చెప్పాడు అనుకున్నాను. ఆ రుణం మోస్తున్నానని అనుకోవడంలో ఒక గొప్ప కూడా ఉండేదేమో. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నాకోసం అంత పని ఎందుకు చేసినవు రాజమల్లూ?"

అతనికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను.

"మీకోసమా?" అన్నాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు. "మీ యాది నాకు రాలే సార్. చెవుడని చెప్తే ఏం రాస్తరు? చెవిటోడని తెలిసి సుత ఓదెలు నాతోని పని చేసిండు, గీత దాటిండు, తప్పు వానిదే అని రాస్తరు. సచ్చినోని మీద రాస్తరా? నేను ఇన్న, ఆపలే, నన్ను ఆపటానికి వాడు ఉరికొచ్చిండు అంటే వాని మీద తప్పు రాదు గద. వాని పిల్లలకు గా పేరన్న మిగలాలె."

నేను లేచి నిలబడ్డాను. ఇంటికి వచ్చేశాను. విచారణ గదిలో నన్ను నేను కాపాడుకున్నాను, అంతే. నాకు సాయం చేసినవాళ్లు ఎవరూ లేరు.

చివరి రోజు

రిటైరయ్యే రోజున ఆఫీసులో దండ వేసి, శాలువా కప్పి పంపారు. అంతా వెళ్లాక, మధ్యాహ్నం మూడు గంటలకు, స్వరూప కప్పులు కడుగుతున్న చోటికి పోయాను.

"స్వరూపా, ఒక మాట చెప్పాలె. కూర్చోమ్మా."

"చెప్పుర్రి సార్. నిలవడే ఇంటున్న."

చెప్పాను. రాజమల్లు ఎడమ చెవి గురించి, డాబా మీద పరీక్ష గురించి, కుడిచేతిలో పెట్టిన సెట్టు గురించి, గెస్ట్‌హౌస్‌లో నేనన్న మాట గురించి. అతను విన్నానని ఎందుకు చెప్పాడో అది కూడా చెప్పాను. ఆమె కడుగుతున్న కప్పును చేతిలోనే పట్టుకుని నిలబడింది. నల్లా పారుతూనే ఉంది.

"చెవి సంగతి నాకెర్కనే సార్," అంది చివరికి. "ఇంటికొస్తే రోజు గదే ముచ్చట చెప్పేటోడు. మల్లన్నకు ఒక చెవే ఉన్నది, రెండోది నేనే అనేటోడు."

చేతిలోని కప్పును పక్కన బోర్లించింది.

"మల్లన్న మిమ్ములను మోసం జేసి నౌకరి తెచ్చుకున్నడనుకున్న. గా మోసం బయటపడొద్దని, ఇన్ననని అబద్ధం చెప్పిండనుకున్న. అందుకే గాయన భార్య మా ఇంటికొస్తే తలుపు తియ్యలే. నా పిల్లలను సుత మాట్లాడనియ్యలే." నల్లా కట్టేసింది. "అన్నీ ఎరుకే సార్ నాకు. మీకు ఎరుకన్న సంగతే ఎరుక లేదు."

"తప్పయింది," అన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "మల్లన్న యాడున్నడు?" అని అడిగింది.

"అమీర్‌పేటలనే. ఏడేళ్ల నుంచి."

"గింత దగ్గర," అంది. హాస్టల్ ఎక్కడో వివరంగా అడిగి తెలుసుకుంది. నేను కూడా వస్తానన్నాను. "మీరు రాకుర్రి సార్," అంది. కోపంగా అనలేదు. కప్పులు తుడిచి అరలో పెట్టి, బ్యాగు తీసుకుని నాకంటే ముందు మెట్లు దిగిపోయింది.

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నెల తర్వాత నేను హాస్టల్‌కు పోతే అక్కడ కొత్త వాచ్‌మన్ ఉన్నాడు. రాజమల్లు ఊరికి పోయాడని చెప్పాడు. ఎవరో ఒకావిడ, ఇద్దరు పిల్లలు వచ్చి తీసుకుపోయారట. నేను కంపెనీకి జరిగిందంతా రాసి ఉత్తరం పంపాను. అప్పటికి ఆ ప్రాజెక్టు ఎత్తేశారు. జవాబు రాలేదు. విచారణ ఆఫీసుకూ రాశాను. అందిందని మాత్రం ఒక కాగితం వచ్చింది.

ఓదెలు బిడ్డ పెళ్లిలో పెద్దమనిషి స్థానంలో రాజమల్లు కూర్చున్నాడని ఈమధ్య పాత బ్యాచ్‌లోని ఒకతను ఫోన్లో చెప్పాడు. కుడి చెవి కూడా తగ్గిపోయిందట. పిల్లలు దగ్గరికి వచ్చి ముఖం ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నారట. "మీరు రాలేదేం సార్, అందరం మీరొస్తారనుకున్నం" అన్నాడు అతను.

ఒంట్లో బాగాలేదని చెప్పాను. నన్ను పిలవలేదు.